బ్రోచర్ మీద నీలి సముద్రం

మొన్న ఆదివారం నైట్ డ్యూటీ దిగి రూముకొచ్చి చెప్పులు విప్పేలోపే బాపు ఫోన్.

"బిడ్డా, ఇయ్యాల ఇంటికి రావాలె. పక్కూరాయన ఒకాయన బిడ్డను తోల్కొని వస్తుండు. నీతోని మాట్లాడాల్నట."

"ఏం మాట్లాడాలె బాపు?"

"నువ్వు సదివిన దిక్కే ఆ పిల్లను తోలుతరట. జనవరిల పోవుడట."

జనవరి అనగానే నాకు విషయం అర్థమైంది. నీట్ కౌన్సెలింగ్ రౌండ్లన్నీ ముగిసి, కన్వీనర్ కోటా మీద ఆశ పోయి, మేనేజ్‌మెంట్ కోటాకు డబ్బు చాలక ఇల్లంతా మూగబోయి ఉండే నెలలు నవంబరు, డిసెంబరు. కరీబియన్ మెడికల్ కాలేజీల ఏజెంట్లు ఊళ్లమీద పడేది సరిగ్గా అప్పుడే. అక్కడి కాలేజీల్లో చాలావరకు ఏడాదికి మూడుసార్లు చేర్చుకుంటాయి. జనవరి పోతే మే, మే పోతే సెప్టెంబరు. వాళ్లకు సీజన్ అయిపోవడం అంటూ ఉండదు. మా ఇంటికి ఏజెంటు వచ్చింది కూడా 2018 నవంబరులోనే.

హన్మకొండలో నర్సంపేట బస్సెక్కి, అక్కడి నుంచి ఆటోలో ఊరికి చేరేసరికి మధ్యాహ్నమైంది. చపాట మిర్చి మొదటి కోత నడుస్తోంది. వాకిట్లో మంచం మీద ఆయన, పక్కన నిలబడి ఆ పిల్ల. ఆయన ప్లాస్టిక్ కవర్లోంచి జాగ్రత్తగా బ్రోచర్ తీసి నా చేతిలో పెట్టాడు.

మొదటి పేజీలోనే ఆ ఫొటో. నీలం సముద్రం, తెల్లటి ఇసుక, ఒక కొబ్బరిచెట్టు, దాని కింద మెడలో స్టెతస్కోపుతో నవ్వుతున్న అమ్మాయి. ఏడేళ్ల కింద మా బాపు చేతిలో పెట్టిన కాగితం మీదా ఇదే ఫొటో. కాలేజీ పేరు వేరు, దేశం వేరు. సముద్రం మాత్రం అదే, అమ్మాయి కూడా అదే. ఆమె ఇంకా ఫస్టియర్‌లోనే ఉన్నట్టుంది.

నేను వెళ్లింది గయానాకు. దీవి అని చెప్పి పంపారు. దిగాక తెలిసింది, అది దీవే కాదు. దక్షిణ అమెరికా ఖండం మీద వెనిజులాకూ సురినామ్‌కూ నడుమ ఉన్న దేశం. ఇంగ్లీషు మాట్లాడతారు, క్రికెట్ ఆడతారు, కరీబియన్ దేశాల కూటమి ఆఫీసు వాళ్ల రాజధాని జార్జ్‌టౌన్‌లోనే ఉంది. అందుకని కరీబియన్ కిందికే లెక్క. బాపుకు గయానా అంటే తెలిసింది ఒక్కటే: వెస్టిండీస్ క్రికెటర్ చందర్‌పాల్. "చందర్‌పాల్ ఊరే గదా, మనోళ్లే ఉంటరు తియ్" అని ధైర్యం చెప్పుకున్నాడు. అది మాత్రం నిజమే అయింది.

2018 నీట్‌లో నాకు వచ్చినవి 231. క్వాలిఫై అయ్యాను కానీ ఆ మార్కులకు ఎక్కడా ప్రభుత్వ సీటు రాదు. విదేశంలో చదవాలన్నా నీట్ క్వాలిఫై కావాలన్న రూలు ఆ ఏడాదే వచ్చింది. ఏజెంటు దాన్ని కూడా మాకు అనుకూలంగా తిప్పాడు. "చూడండి సార్, మీ పాప ఎలిజిబుల్ అని గవర్నమెంటే చెప్పింది" అన్నాడు. మేనేజ్‌మెంట్ కోటాలో ఏడాదికి పది లక్షల పైమాటే. ఈయన లెక్కలో ఐదున్నరేళ్లకు, హాస్టల్ తిండి అన్నీ కలిపి, ఇరవై ఎనిమిది లక్షలు. రష్యాకో ఫిలిప్పీన్స్‌కో పోతే పేషెంటుతో మాట్లాడటానికి వాళ్ల భాష నేర్చుకోవాలి, ఇక్కడ ఆ బాధ లేదు అన్నాడు. అమెరికా పక్కనే, విమానంలో నాలుగైదు గంటలు అన్నాడు. చివరి రెండేళ్లు అమెరికా ఆసుపత్రుల్లో రొటేషన్లు, అటునుంచి అటే రెసిడెన్సీ అన్నాడు. మా అమ్మ ఛాయ్ తెచ్చిపెట్టి అక్కడే నిలబడిపోయింది. రెసిడెన్సీ అంటే స్పెషలిస్టు ట్రైనింగు, ఆమెకేమో ఇల్లని అర్థమైంది. "అమెరికాల ఇల్లు గూడ ఇస్తరా?" అని తర్వాత నన్ను అడిగింది.

రోడ్డు పక్క ఎకరం ఇరవై గుంటలు అమ్మారు. మిగతాది బ్యాంకు లోను.

ఏజెంటు చెప్పినవన్నీ అబద్ధాలని అనను. అతని నేర్పు ఎక్కడంటే, ఒక కాలేజీ గొప్పను ఇంకో కాలేజీకి అంటగట్టడంలో. కరీబియన్‌లో చాలా ఏళ్లుగా నడుస్తున్న పెద్ద కాలేజీలు ఉన్నాయి. గ్రెనడాలోని సెయింట్ జార్జెస్ 1976లో పెట్టింది. అక్కడి నుంచి వేలమంది అమెరికాలో డాక్టర్లయ్యారు. 1983లో అమెరికా సైన్యం గ్రెనడాలో దిగినప్పుడు, అక్కడ చదువుతున్న తమ దేశపు మెడికల్ విద్యార్థుల భద్రతనూ ఒక కారణంగా చూపించింది. అంటే మొదటి నుంచీ ఆ కాలేజీలు అమెరికా పిల్లల కోసమే, ఫీజులు కూడా వాళ్ల లెక్కలోనే. మా పొలం మొత్తం అమ్మినా అక్కడ చదువు సగంలో ఆగేది. ఏజెంటు ఫలితాలు చూపించింది ఆ కాలేజీలవి, చేర్పించింది మమ్మల్నే లెక్కపెట్టుకుని పుట్టిన ఒక చిన్న కాలేజీలో. రెండు అంతస్తుల బిల్డింగు, కింద టైర్ల షాపు. పేరు రాయను.

వెళ్లిన మొదటి ఆదివారం మేం ఆరుగురం కలిసి సముద్రం చూడటానికి పోయాం. జార్జ్‌టౌన్ పొడవునా సముద్రానికి అడ్డంగా పెద్ద గోడ ఉంటుంది, సీవాల్ అంటారు. సాయంత్రం ఊరంతా దానిమీదే. ఎక్కి చూస్తే మట్టిరంగు నీళ్లు. వానాకాలంలో ఏటూరునాగారం దగ్గర గోదావరి ఎలా ఉంటుందో అచ్చం అలా. అమెజాన్ నది మోసుకొచ్చే బురద సముద్రంలో పడి తీరం వెంబడి అంతదూరం కొట్టుకొస్తుందని, అందుకే ఆ తీరమంతా అదే రంగని తర్వాత తెలిసింది. ఖమ్మం నుంచి వచ్చిన ఒకమ్మాయి బ్రోచర్ కూడా వెంట తెచ్చుకుంది, ఫొటో దిగడానికి. దాన్ని మళ్లీ బ్యాగులో పెట్టేసుకుంది. ఎవ్వరం నవ్వలేదు.

ఇప్పుడు ఆలోచిస్తే ఆ మట్టి సముద్రమే నాకు నచ్చింది. సముద్రం పోటు మీద ఉన్నప్పుడు ఆ ఊరు నీటి మట్టం కన్నా కిందే ఉంటుంది. ఊరి నిండా కాలువలు, కాలువల చివర తలుపులు. కోకర్ అంటారు వాటిని. మొదటిసారి చూడగానే తూము అన్నాను. చెరువుల జిల్లా నుంచి వచ్చినదాన్ని, ఇంకేమంటాను! కాకపోతే పని తలకిందులు. మన తూము నీళ్లను పొలానికి వదలడానికి. వాళ్ల తూము ఊళ్లోని నీళ్లను ఆటు సమయంలో సముద్రంలోకి వదిలి, పోటు రాగానే మూసెయ్యడానికి. మూయడం ఆలస్యమైతే వీధులు మునుగుతాయి. ఇళ్లు కూడా అందుకే కర్రల మీద, స్తంభాల మీద ఎత్తుగా కడతారు. కింద ఖాళీ జాగాలో ఊయల కట్టుకుని కూర్చుంటారు.

మేం అద్దెకున్న ఇంటి ఆంటీ మధ్యాహ్నమంతా ఆ ఊయలలోనే. డెబ్బై ఏళ్లు ఉంటాయి. గౌను వేసుకునేది, నుదుట కుంకుమ. నేను ఇండియా అనగానే ఏ వైపు అని అడిగింది. హైదరాబాద్ దగ్గర అంటే తెలియలేదు. మద్రాసుకు పైన అన్నాను. లేచి కూర్చుంది. వాళ్ల ముత్తవ్వ మద్రాసులోనే ఓడ ఎక్కిందట. 1838 నుంచి మొదలుపెట్టి చెరుకు తోటల్లో కూలికి ఓడల్లో మనవాళ్లను అక్కడికి తీసుకుపోయారు. ఎక్కువమంది కలకత్తా రేవు నుంచి వెళ్లినా, మద్రాసు రేవు నుంచి పోయినవాళ్లూ ఉన్నారు. వాళ్లలో తమిళులతో పాటు తెలుగువాళ్లూ ఉన్నారు. ఆంటీకి ఒక్క తెలుగు ముక్క రాదు. కానీ ఒక ఆదివారం నన్ను వాళ్ల కాళీమాయి గుడికి తీసుకుపోయింది. వేపమండలు, పసుపు నీళ్లు, పూనకం. డప్పులను మంట దగ్గర పెట్టి కాచి బిగిస్తున్నారు. దాన్ని ఏమంటారని అడిగితే "తప్పు" అంది ఆంటీ. రెండోసారి అడిగి మరీ విన్నాను. నూట యాభై ఏళ్లకు పైగా, భాష మొత్తం పోయి, మా ఊరి బోనాల డప్పు ఒక్కటి పేరుతో సహా మిగిలింది. ఆ రోజు వీడియో కాల్‌లో మా అమ్మకు చూపిస్తే, "గాళ్లు మనోళ్లే గదనే, మరి గౌన్లేంది?" అంది.

ఇంకొకటి, వైరి వైరి మిర్చి. రేగుపండంత ఉంటుంది, గుండ్రంగా, ఎర్రగా. స్టాబ్రోక్ మార్కెట్‌లో కుప్ప పోసి అమ్ముతుంటే చూసి మా చపాట మిర్చి పిల్ల అనుకున్నాను. చపాట కూడా గుండ్రమే, టమాటా మిర్చి అనే అంటారు మా వైపు. రంగే తప్ప కారం ఎక్కువుండదు దానికి. అదే ధీమాతో ఇంటికొచ్చి పప్పులో ఏడెనిమిది వేశాను. ఆ రాత్రి రూములో నలుగురం మంచినీళ్ల బాటిళ్లు కావలించుకుని కూర్చున్నాం. ఎనుమాముల మార్కెట్‌లో దడవాయి తూకానికి నిలబడ్డ రైతు బిడ్డను నేను. మిర్చి చేతిలో ఓడిపోవడం అదే మొదటిసారి.

చదువు సంగతికొస్తాను. క్లాసులు బానే జరిగేవి. ఫిజియాలజీ చెప్పిన సార్ నైజీరియా ఆయన, అంత బాగా గుండె గురించి చెప్పినవాళ్లను నేను మళ్లీ చూడలేదు. కానీ అనాటమీ ల్యాబులో బాడీ లేదు. ప్లాస్టిక్ బొమ్మలు, ఒక పెద్ద టచ్‌స్క్రీన్ బల్ల. వేలితో లాగితే చర్మం పోయి కండ కనిపించేది, ఇంకోసారి లాగితే నరం. తప్పు లాగితే వెనక్కి నొక్కొచ్చు. ఇప్పుడు నాతో ఇంటర్న్‌షిప్ చేస్తున్న ఇక్కడి పిల్లలు ఫస్టియర్ డిసెక్షన్ హాలు గురించి, ఆ ఫార్మలిన్ వాసనకు అన్నం తినలేకపోయిన రోజుల గురించి మాట్లాడుకుంటారు. ఆ ముచ్చట్లలో నేను ఫోన్ చూసుకుంటూ ఉంటాను.

ఒక సంగతి మాత్రం మొదటి వారంలోనే కనబడింది. దాని అర్థం తెలియడానికి నాకు మూడేళ్లు పట్టింది. మా క్లాసులో తెలుగువాళ్లం, తమిళులు, కేరళవాళ్లు, ఇద్దరు నైజీరియావాళ్లు. గయానా పిల్ల ఒక్కతి లేదు. ఆంటీ మనవరాలు డాక్టరు చదవాలనుకుంటోంది. మా కాలేజీ వాళ్లింటికి నాలుగు వీధుల అవతలే. ఆ పిల్ల మాత్రం యూనివర్సిటీ ఆఫ్ గయానాకు దరఖాస్తు పెట్టుకుంది. "మా కాలేజీలో ఎందుకు చేరవు?" అని అడిగితే, అదేదో ఎయిర్‌పోర్టులో డ్యూటీఫ్రీ షాపు గురించి అడిగినట్టు నవ్వింది. "అది మీకోసం కదా" అంది.

ఇలాంటివాటిని ఆఫ్‌షోర్ కాలేజీలంటారు. ఆ మాటకు అసలు అర్థం అదే. కాలేజీ ఆ నేలమీద ఉంటుంది కానీ ఆ దేశం కోసం ఉండదు. ఆ దేశానికి దానితో పనిలేదు, దానికీ ఆ దేశంతో పనిలేదు. మాంట్సెరాట్ దీవిలో 1995లో అగ్నిపర్వతం పేలితే అక్కడున్న పెద్ద మెడికల్ కాలేజీ సింట్ మార్టెన్‌కు మారిపోయింది. 2017లో మరియా తుఫాను తర్వాత డొమినికాలోని ఇంకో కాలేజీ బార్బడోస్‌కు మారింది. మన కాకతీయ మెడికల్ కాలేజీని ఎత్తి ఇంకో రాష్ట్రంలో పెట్టగలమా? ఎంజీఎం లేకుండా ఆ కాలేజీ ఏముంది? ఇక్కడ కాలేజీ అంటే వెనకాల ఆసుపత్రి, ఆసుపత్రి అంటే నాలుగైదు జిల్లాల రోగులు.

ఏజెంటు లెక్క తప్పింది ఎక్కడంటే, నూనె దగ్గర. 2019 డిసెంబరులో గయానా సముద్రంలో చమురు తీయడం మొదలైంది. కంపెనీల మనుషులు దిగారు, జార్జ్‌టౌన్‌లో అద్దెలు పైకి లేచాయి. ఆంటీ మాకు పెంచలేదు కానీ, ఆమె కొడుకు పెంచాడు. అంతలో 2020 మార్చి 2న ఎన్నికలు. కరోనా, కర్ఫ్యూ, పైగా ఓట్ల లెక్క గొడవ. కొత్త అధ్యక్షుడు ప్రమాణం చేసింది ఆగస్టు 2న. ఐదు నెలలు లెక్కపెట్టారు! మా ఊళ్లో సర్పంచ్ ఎన్నికల లెక్క రాత్రి పది దాటితేనే కుర్చీలు ఎగురుతాయి. మేం రూములో లాప్‌టాప్ ముందు కూర్చుని క్లాసులు వినేవాళ్లం, అద్దె కట్టేవాళ్లం. టైము తేడా తొమ్మిదిన్నర గంటలు. బాపు పొద్దున ఐదింటికి మోటరు పెట్టడానికి బాయికాడికి పోతూ ఫోన్ చేస్తే నాకు ముందురోజు సాయంత్రం ఏడున్నర. ఒక అరగంట ఇద్దరం పెద్దగా ఏం మాట్లాడుకోకుండా లైన్‌లో ఉండేవాళ్లం. నాకు కప్పల చప్పుడు, మోటరు చప్పుడు వినబడేవి.

చుట్టాలకేమో నేను డాలర్లలో బతుకుతున్నాను. నిజమే, గయానా డాలర్లలో. అప్పట్లో మన రూపాయికి దాదాపు మూడు వచ్చేవి.

అమెరికా రొటేషన్లు రాలేదు. అదనంగా కట్టాల్సిన ఫీజు చూసి మేమే ఆగిపోయాం. జార్జ్‌టౌన్ ప్రభుత్వాసుపత్రి వార్డుల్లో తిరిగాం. అందుకు నేను ఈ రోజుకీ సంతోషపడతాను, ఎందుకంటే నాకు వచ్చిన డాక్టరీలో ముప్పాతిక అక్కడిదే. అక్కడి రోగులు కూడా "షుగర్" ఉంది, "ప్రెషర్" ఉంది అనే చెప్తారు. బంగారు గనుల్లో పనిచేసి వచ్చినవాళ్లకు మలేరియా.

ఒక రాత్రి బెర్బీస్ వైపు నుంచి ఒక వరి రైతును తెచ్చారు. గడ్డి మందు. వార్డు తలుపు దాటకముందే నాకు తెలిసిపోయింది. ఆ వాసన నా చిన్నప్పటి నుంచి మా గొడ్ల కొట్టంలో ఉంది. 2014లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆత్మహత్యల మీద ఇచ్చిన నివేదికలో అన్నిటికన్నా ఎక్కువ రేటు చూపించింది గయానాకే. పురుగుమందుల సంగతి మా సీనియర్ రెసిడెంట్ నాకు చెప్పబోతుంటే, సర్, నాది వరంగల్ అన్నాను. ఆయనకు అర్థం కాలేదు. మా జిల్లా పత్తి రైతుల గురించి అప్పుడాయనకు ఏమని చెప్పను! ఆ రైతుకు మెలకువగానే ఉంది. ఆ మందుకు విరుగుడు లేదు. పక్కన భార్య, చేతిలో ఆయన టోపీ పట్టుకుని, మాటమాటకీ దాని అంచు సరిచేస్తూ కూర్చుంది. నన్ను చూసి, మీ నాన్న ఏం చేస్తాడు అని అడిగింది. రైతు అన్నాను. "ఏం పండిస్తాడు?" మిర్చి అన్నాను. "మిర్చికి రేటుంటుందా?" అంది. ఆ పరిస్థితిలో ఆమె అడిగింది అది. ఆయన మూడోరోజు పోయాడు. నేను ఆ రోజు పొద్దున ఐదింటిదాకా ఆగలేదు. ఇక్కడ అర్ధరాత్రి అని తెలిసీ బాపుకు ఫోన్ చేసి, కొట్టంలో ఉన్న డబ్బాలన్నీ తీసి తాళం వేసిన గదిలో పెట్టమన్నాను. "ఏమైంది బిడ్డా?" అన్నాడు. ఏం లేదన్నాను. పెట్టాడు. ఇప్పటికీ తాళం చెవి మా అమ్మ కొంగునే ఉంటుంది.

2024 చివర పట్టా పట్టుకుని వచ్చాను. అక్కడి డిగ్రీ పేరు ఎండీ. మన ఎంబీబీఎస్‌కు సమానం, అంతే. కానీ ఊళ్లో దాన్ని అలా ఎవరు చూస్తారు! బస్టాండులో దిగేసరికి "ఎండీ పట్టా సాధించిన" అంటూ ఫ్లెక్సీ. సూది కూడా సొంతంగా వేసే హక్కు ఇంకా లేదు నాకు, ఫ్లెక్సీలో మాత్రం స్పెషలిస్టును. మర్నాడు పొద్దున్నే మోకాళ్ల నొప్పులతో ముగ్గురు వాకిట్లో ఉన్నారు.

హక్కు రావాలంటే ఎఫ్ఎంజీఈ, విదేశంలో చదివొచ్చినవాళ్లు ఇక్కడ రాయాల్సిన పరీక్ష. మూడు వందల ప్రశ్నలు, నూట యాభై రావాలి. నెగిటివ్ మార్కులుండవు, అయినా చాలాసార్లు వందలో డెబ్బై, ఎనభై మంది ఫెయిలవుతారు. 2025 జనవరిలో నాకు 141 వచ్చాయి. తొమ్మిది మార్కులు. తొమ్మిదంటే ఎంతో లెక్కేస్తే, అనాటమీలో నాకు పోయినవే అంతకన్నా ఎక్కువ. ఫ్లెక్సీ అప్పటికి ఎండకు వెలిసి, నా ముఖం తెల్లబడి, "ఎండీ" మాత్రం ఎర్రగా మిగిలింది. ఆ ఆరు నెలలు నేను బస్టాండు వైపు పోలేదు. జులైలో మళ్లీ రాశాను, 168.

అయినా అప్పుడే అయిపోలేదు. ఆన్‌లైన్‌లో నడిచిన క్లాసులకు బదులు తర్వాత నేరుగా చేశామని కాలేజీ రాసిచ్చిన కాగితం, వైద్య మండలి రిజిస్ట్రేషను, ఆ తర్వాత ఇంటర్న్‌షిప్‌కు ఖాళీ. విదేశంలో చదివిన మాలాంటివాళ్లకు ఒక కాలేజీలో ఉన్న సీట్ల మీద ఏడున్నర శాతం వరకే ఇస్తారు. అవన్నీ దాటి ఇప్పుడు రెండో నెల. మా బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో సగానికి పైగా ఇంకా పరీక్ష రాస్తూనే ఉన్నారు. ఖమ్మం అమ్మాయి రాయడం మానేసి హైదరాబాద్‌లో మెడికల్ కోడింగ్ చేస్తోంది.

ఇదంతా ఆ ఆదివారం వాకిట్లో అలాగే చెప్పాను. ఆయన ఓపిగ్గా విని, చివరికి ఒకే మాట అన్నాడు.

"మీరైతే మంచిగనే అయిన్రు గద డాక్టరమ్మా."

దీనికి జవాబు చెప్పడమే కష్టం. గట్టెక్కినవాళ్లను చూసే జనం చెరువులో దిగుతారు. అందుకని నా కథ పక్కన పెట్టి రూలు చెప్పాను. నేను చేరింది 2019 జనవరిలో, పాత నిబంధనల కింద. 2021 నవంబరు 18న జాతీయ వైద్య కమిషన్ కొత్త నిబంధనలు తెచ్చింది. కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లీషులో. పన్నెండు నెలల ఇంటర్న్‌షిప్ కూడా అదే విదేశీ కాలేజీలో. చేరిన పదేళ్లలోపు ముగించాలి. అన్నిటికన్నా ముఖ్యమైనది, ఆ డిగ్రీతో ఆ దేశంలోనే, ఆ దేశం మనుషులతో సమానంగా డాక్టరీ చేసే లైసెన్సు దొరకాలి. ఇక్కడికొచ్చాక పరీక్ష, మళ్లీ పన్నెండు నెలలు. ఈ ఒక్క లైసెన్సు మాట దగ్గరే ఆఫ్‌షోర్ కాలేజీ కథ బయటపడుతుంది. రెండేళ్లు దీవిలో, రెండేళ్లు అమెరికాలో అని గొప్పగా చెప్తారే, అది అమెరికాలో స్థిరపడదామనుకునేవాళ్లకు పనికొస్తుందేమో. ఇంటికొచ్చి వరంగల్‌లో బోర్డు పెట్టుకుందామనుకునే పిల్లకు "అంతా ఒకే కాలేజీలో" అన్న నిబంధన దగ్గరే ఇరుక్కుంటుంది. అమెరికా అయినా ఊరికే కాదు. కాలేజీకి గుర్తింపునిచ్చిన సంస్థ కూడా గుర్తింపు ఉన్నదేనా కాదా అన్నది 2024 నుంచి వాళ్లూ కాగితాల్లో చూపిస్తున్నారు. కరీబియన్‌కైతే క్యామ్‌హెచ్‌పీ అని ఒక సంస్థ ఉంది. దాని జాబితా ఎవరైనా చూసుకోవచ్చు. బ్రోచర్ మీద ఉన్న పేరు నా ఫోన్‌లో వెతికాం. ఆ జాబితాలో కనిపించలేదు.

"ఏజెంటుకు ఫోన్ కొట్టి ఒక్కటే అడగండి" అన్నాను. "ఆ దేశం పిల్లలు మీ కాలేజీలో ఎంతమంది చదువుతున్నారు, చదివినవాళ్లు ఆ దేశంలో ఏ ఆసుపత్రిలో పనిచేస్తున్నారు అని."

అప్పుడే కొట్టాడు, స్పీకరు పెట్టి. అవతలి గొంతు హుషారుగా, "సార్, మనది ఇంటర్నేషనల్ కాలేజీ సార్, లోకల్స్‌ను తీసుకోరు సార్, స్టాండర్డ్స్ వేరే" అంది. ఆయన నా వైపు చూశాడు. నేనేమీ అనలేదు.

పిల్ల అప్పటిదాకా నోరు విప్పలేదు. మార్కులెన్ని అని అడిగితే చెప్పింది. నాకన్నా ఎక్కువే. మళ్లీ రాస్తావా అంటే నాన్న వైపు చూసింది. నేను వెళ్లేటప్పుడు ఈ చుట్టుపక్కల ప్రభుత్వ మెడికల్ కాలేజీ అంటే కాకతీయ ఒక్కటే. ఆ తర్వాత 2022లో మహబూబాబాద్‌లో, 2023లో జనగామలో, భూపాలపల్లిలో, 2024లో ములుగులో, మా నర్సంపేటలో కూడా వచ్చాయి. నర్సంపేట కాలేజీ ముందు నుంచే మా ఊరి ఆటో పోతుంది. నేను ప్రతిసారీ ఫోన్ చూసుకునే ఇంకో చోటు అది. ఆ పిల్లకు ఇవన్నీ చెప్పాను కానీ, రాస్తే సీటు వస్తుందని మాత్రం చెప్పలేదు. అలా చెప్పేవాళ్లు వేరే ఉన్నారు.

"అక్కా, అక్కడ సముద్రం నిజంగా గిట్లనే ఉంటదా?" అంది బ్రోచర్ చూపిస్తూ.

ఫోన్‌లో సీవాల్ ఫొటో తీసి చూపించాను. వాళ్ల నాన్న కూడా వంగి చూసి, "గిది మన గోదారి లెక్కనే ఉన్నది గద" అన్నాడు.

వాళ్లు పోయేసరికి చీకటి పడింది. ఏం చేస్తారో చెప్పలేదు, నేనూ అడగలేదు. బాపు ఒక సంచిలో చపాట మిర్చి పోసిచ్చాడు. బ్రోచర్ మంచం మీదే మరిచిపోయారు. మర్నాడు పొద్దున బస్సుకు బయల్దేరుతుంటే చూశాను, బాపు దాన్ని తిరగేసి, వెనక పేజీలో ఖాళీగా ఉన్న నీలి సముద్రం మీద బాల్‌పెన్నుతో కోత కూలీల లెక్క రాస్తున్నాడు. నీలం మీద నీలం కనబడటం లేదని ఎర్ర పెన్ను తెమ్మన్నాడు.